పొట్టి బెల్టు

మామగారి కుడిచేతికి సిమెంటు కట్టు వేసి ఆ రోజుకి నలభై రెండు రోజులు. సాయంత్రం నాలుగింటికి టౌనులో పెద్దాసుపత్రికి వెళ్తే దాన్ని కోసి తీసేస్తారు. ఎముకల డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు, వచ్చినా అయిదు కొట్టేసరికి బ్యాగు సర్దుకుంటాడు. తీసుకెళ్లాల్సింది కొడుకు. అతనికి కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం. పొద్దున్నే ఎక్కడో తీగ తెగిందని ఫోనొస్తే చేతిలో టీ గ్లాసు కిటికీలో పెట్టి పోయాడు. అసలు మామగారి చెయ్యి విరిగిందే ఆ ఉద్యోగం వల్ల అంటుంది అత్తగారు. ఊరందరి స్తంభాలూ ఎక్కే కొడుకు ఇంట్లో బల్బు మార్చమంటే మాత్రం రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొస్తుంటే, ఓపిక చచ్చి ఆయనే స్టూలెక్కారు. ఆ స్టూలుకి నాలుగు కాళ్లున్నా నేల మీద ఆనేవి మూడే.

ఇక మిగిలింది కోడలు. ఆమె ఇంటి ముందుగదిలో రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల పెట్టుకుని బట్టలు కుడుతుంది. రెండు కాగానే మిషను మీంచి లేచి, మొహం కడుక్కుని, కారు తాళాలు తీసుకుంది. మెళ్లో వేలాడుతున్న కొలతల టేపు తీయడం మర్చిపోయింది. అది కొత్తేం కాదు. ఒకసారి పెళ్లికి కూడా అలాగే వెళ్లొచ్చింది.

ఆ ఇంటికి కోడలై వచ్చి పదకొండేళ్లయినా మామగారితో ఆమె నేరుగా మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తగువేం లేదు. ఆయన పద్ధతే అంత. ముప్పై నాలుగేళ్లు బస్సుల డిపోలో, బస్సుల కింద వెల్లకిలా పడుకుని పనిచేసిన మెకానిక్కు. కోడలికి ఏదైనా చెప్పాలంటే భార్యకి చెప్తారు. "అమ్మాయి మిషనులోంచి కరకరమని వస్తోంది, నూనె వెయ్యమను" అంటారు, అమ్మాయి రెండడుగుల దూరంలో కూర్చుని వింటున్నా సరే. అత్తగారు ఆ ముక్కనే మళ్లీ చెప్తుంది. కోడలు జవాబు అత్తగారికే చెప్తుంది. ఇన్నేళ్లూ ముగ్గురికీ అలా సజావుగానే జరిగిపోయింది. కార్లో మాత్రం అత్తగారు లేదు. మనవరాలు బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఒకరుండాలని ఆగిపోయింది.

దాంతో మామగారు కారుతోనే మాట్లాడ్డం మొదలుపెట్టారు.

"మూడో గేరు అడుగుతోంది పాపం" అన్నారు, ముందు అద్దంలోకి చూస్తూ. కోడలు గేరు మార్చింది. కాసేపాగి, "ఆ క్లచ్చు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే దానికీ నొప్పేగా" అన్నారు. కోడలు కాలు తీసింది. వినిపించనట్టే ఉంది గానీ చెవులు వేడెక్కాయి. లైసెన్సు వచ్చి మూడేళ్లు. వారం వారం గుడ్డలు తేవడానికి నలభై కిలోమీటర్లు ఒక్కతే వెళ్లొస్తుంది. ఇంతవరకూ ఆమెకి ఎవరూ పాఠం చెప్పలేదు.

ఏసీ చల్లగా కొడుతోంది. ఆయన తన వైపు వచ్చే గాలి దారిని మూసేసి, మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నారు. ఆ కారు కొనేటప్పుడు ఇంట్లో జరిగిన ఒకే ఒక్క వాదన ఆ ఏసీ గురించే. పాత కారే, కానీ ఏసీ ఉన్నది కావాలని కోడలు పట్టుబట్టింది. "కిటికీ తీస్తే గాలి ఊరికే వస్తుంది, అది అందనివాళ్లా మనం" అని మామగారు అత్తగారితో అన్నారు. చివరికి కొడుకు పెళ్లాం మాటే విన్నాడు. తనకి ఏసీ ఎందుకు కావాలో కోడలు ఎవరికీ చెప్పలేదు. ఆ ముందుగదికి రేకుల కప్పు. ఎండాకాలంలో పైన రేకు, పక్కన ఇస్త్రీ పెట్టె, మధ్యలో తను. వారానికి ఒకసారి అద్దాలెత్తుకుని కార్లో వెళ్లొచ్చే ఆ గంటన్నరే ఆమె ఒంటికి చెమట పట్టని సమయం. ఇంతోటి దానికి సంజాయిషీ ఇచ్చుకోవడమేంటని ఊరుకుంది.

సగం దారి దాటాక ఏదో మాడిన వాసన వచ్చింది. ఇస్త్రీ పెట్టె కింద గుడ్డేమైనా వదిలేసి వచ్చానా అనుకుంది ఆమె. అంతలో ముందువైపు నుంచి కీచుమని శబ్దం మొదలైంది. స్టీరింగు వెనక బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది.

"ఆపు" అన్నారు మామగారు. కారుతో కాదు, ఆమెతోనే.

ఆపింది. రోడ్డు రెండుగా చీలే చోటు అది. వరసగా నాలుగు కొట్లు. ఒకటి టైర్ల కొట్టు. దాని పక్కన మెకానిక్కు షెడ్డు, తాళం వేసి ఉంది. ఆపైన స్పేర్ పార్టుల కొట్టు. చివరిది ఎప్పుడో మూతపడ్డ హోటలు. బానెట్ సందులోంచి సన్నగా పొగ వస్తోంది. టైర్ల అతను నోట్లో అగ్గిపుల్ల నములుతూ వచ్చి నిలబడ్డాడు.

"మెకానిక్కు అత్తారింటికెళ్లాడండీ. ఎల్లుండొస్తాడు" అన్నాడు.

"నువ్వు చూడగలవా?" అంది కోడలు.

"నాకు గుండ్రంగా, నల్లగా ఉంటేనే తెలుస్తుందమ్మా. ఇంజన్ల జోలికి పోను. పానాలు కావాలంటే ఇస్తా."

ఆమె భర్తకి ఫోన్ చేసింది. స్తంభం మీదున్నప్పుడు అతను ఫోను ఆపేస్తాడు. టౌనుకి బస్సు అయిదింటికిగానీ లేదన్నాడు టైర్ల అతను. "పోనీ ఎవర్నైనా ఆపి వాళ్ల బండిలో వెళ్లిపోదాం, మామయ్యా. మన కారు సంగతి తర్వాత చూసుకోవచ్చు" అంది. ఆయన ఆమె వంక అదోలా చూశారు. "బండిని రోడ్డు మీద వదిలేసి పోతామా" అన్నారు. డిపోలో అంతకన్నా పెద్ద తప్పు లేదన్నమాట.

పొగ తగ్గాక బానెట్ ఎత్తింది. మామగారు ఎడమచేత్తో అంచు పట్టుకుని వంగి చూశారు. కుడిచెయ్యి అలవాటు కొద్దీ లోపలికి పోబోయి, కట్టు దేనికో తగిలి ఆగిపోయింది. పళ్లు నూరుకున్నారు.

"నువ్వే పెట్టాలి చెయ్యి. ఆ కింద, ముందువైపున్న చక్రం కనబడుతోందా. గుడ్డతో పట్టుకుని తిప్పి చూడు. కాలుతుంది."

ఆమె బ్యాగులోంచి లైనింగు ముక్క తీసి చేతికి చుట్టుకుని పట్టుకుంది. కదల్లేదు. రెండు చేతులా పట్టినా కదల్లేదు.

"రాయిలా ఉంది."

"అది ఏసీ కంప్రెసరు. దాని చక్రం బేరింగు పట్టేసింది."

"అయితే ఏసీ కట్టేసి పోదాం."

"కట్టేసినా ఆ చక్రం ఊరికే తిరుగుతూ ఉండాలి. బెల్టు దాని మీదుగానే పోతుందిగా. ఒకే బెల్టు నాలుగు చక్రాల్ని చుట్టుకుని ఉంటుంది. ఇంజన్ది, నీళ్ల పంపుది, డైనమోది, దీనిది. మూడు తిరుగుతుంటే ఇదొక్కటి మొండికేసి కూర్చుంది. బెల్టు దీన్ని రాసుకుని రాసుకుని మాడింది." ఆయన ఎడమచేతి వేలితో చూపించారు. బెల్టు అంచుల నుంచి పోగులు ఊడి వేలాడుతున్నాయి. "బెల్టు తెగితే నీళ్ల పంపు ఆగుతుంది. రెండు మూడు కిలోమీటర్లలో ఇంజను ఉడికిపోతుంది."

"మరి ఏం చేయాలి?"

"మొండికేసినదాన్ని దాని మానాన వదిలేసి, మిగతా మూడింటికే బెల్టు చుట్టాలి. దారి తగ్గుతుంది కాబట్టి పొట్టి బెల్టు కావాలి. డిపోలో కొత్త బస్సులొచ్చాక ఇలాంటివి చేశాం."

"అంటే ఏసీ ఉండదన్నమాట."

"ఉండదు."

ఆమెకి ఎండ నెత్తి మీద సుర్రుమంటోంది. పొద్దున్నించీ గేర్ల గురించి విన్నవన్నీ ఒక్కసారి గొంతు దాకా వచ్చాయి. "మీకు మొదట్నించీ కావాల్సింది అదేగా" అంది.

అన్నాక నాలుక కరుచుకుంది. పదకొండేళ్లలో మధ్యవర్తి లేకుండా అన్న మొదటి పెద్ద మాట అదే. మామగారు కారు వంకే చూస్తూ, "పక్క కొట్లో ఏసీ లేని మోడలు బెల్టు అడుగు. పాత బెల్టు పట్టుకెళ్లు, లోపలివైపు గాళ్లు ఎన్నో సరిచూసుకోవాలి" అన్నారు. టైర్ల అతను ఇచ్చిన పానాతో ఏ బోల్టు వదులు చేయాలో చూపించారు. ఆమె వదులు చేసి, డైనమోని లోపలికి నెట్టి, పాత బెల్టుని ఊడదీసింది. చేతులు మోచేతుల దాకా మసైపోయాయి.

స్పేర్ పార్టుల కొట్టాయన ముక్కు చివర కళ్లజోడుతో పేపరు చదువుకుంటున్నాడు. పాత బెల్టు తిప్పి చూసి, "ఆరు గాళ్లు. దొరుకుతుంది. కానీ ఏసీ లేని మోడలంటున్నావు, ఈ కారు ఏసీ లేకుండా తయారవలేదమ్మా. దానికి నెంబరు లేదు" అన్నాడు.

"నెంబరు లేకపోతే ఇవ్వరా?"

"నెంబరంటే ఏముంది, పొడవేగా. ఇదిగో, బెల్టు వీపు మీద రాసుంది చూడు, మిల్లీమీటర్లలో. ఎంత పొడవు కావాలో కొలిచి తెస్తే ఆ బెల్టు ఇస్తా."

"ఎలా కొలవాలి?"

కొట్టాయన కళ్లజోడు పైకి తోసుకుని ఆమె మెడ వంక చూశాడు. "మెళ్లో వేసుకుని తిరుగుతూ నన్నడుగుతావేంటి?"

ఆమె మెడ తడుముకుంది. టేపుంది.

మళ్లీ బానెట్ దగ్గరికొచ్చింది. మామగారు డైనమోని ఎక్కడ నిలపాలో చెప్పారు. అది జారే గాడిలో కాస్త లోపలికి, బిగించడానికి చోటుండేలా. అక్కడి నుంచి ఆయన ఇక నోరెత్తలేదు, ఎత్తే అవసరం రాలేదు. ఆమె టేపు ఒక కొసని నీళ్ల పంపు మీద బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొసని ఇంజను చక్రం కిందుగా, డైనమో మీదుగా తిప్పి మళ్లీ బొటనవేలి దగ్గరికి తెచ్చింది. ఎక్కడా మెలిక పడలేదు, జారలేదు. కదలకుండా నిలబడని పిల్లలకి నడుం కొలిచే చెయ్యి అది, కదలని చక్రాలు ఒక లెక్కా. తొంభై ఏడున్నర సెంటీమీటర్లు. ఎందుకైనా మంచిదని మళ్లీ కొలిచింది. అంతే.

కొట్టుకి నడిచి వెళ్తూ ఉండగా ఆమె బుర్ర అలవాటైన పని చేసేసింది. కొట్టాయనతో "నూట రెండున్నర" అంది. అంత పొడవుది లేదని ఆయన నూట రెండుది ఇచ్చాడు. "మరక చేస్తే వెనక్కి తీసుకోను" అన్నాడు.

ఆ బెల్టు చులాగ్గా ఎక్కింది. అంత చులాగ్గా ఎక్కడం మామగారికి నచ్చలేదని ఆయన ముక్కు చూస్తేనే తెలుస్తోంది. డైనమోని గాడి చివరి దాకా లాగినా బెల్టు వేలాడుతూనే ఉంది. "ఎంత పొడవుది తెచ్చావు?" అన్నారు.

"నూట రెండు."

"కొలిచినప్పుడు తొంభై ఏడున్నర అన్నావుగా."

ఆమెకి అప్పుడు వెలిగింది. మసి చేతుల్ని చూసుకుంటూ నిలబడిపోయింది. "రెండంగుళాలు లూజు కలిపాను, మామయ్యా."

"లూజా?"

"ఎవరికి కొలిచినా కలుపుతాం. లేకపోతే కూర్చోడానికి ఇబ్బంది. ఊపిరి తీసుకోడానికీ ఆడాలిగా."

మామగారు ఆమె వంక, బెల్టు వంక మార్చి మార్చి చూశారు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. దగ్గొచ్చిందేమో అనుకుందామె. ఆయన నవ్వుతున్నారు. శబ్దం లేకుండా, కట్టున్న చెయ్యి కడుపుకి ఆనించుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్నారు. "దీనికి ఊపిరి తీసుకునే పనేం లేదమ్మా" అన్నారు చివరికి. "భోంచేసి కూర్చునేదీ కాదు. బిగుతుగానే పెట్టు."

ఆమెకీ నవ్వొచ్చింది, కానీ ముందు సిగ్గేసింది. అరగంట పోయింది తనవల్ల. బెల్టుని జాగ్రత్తగా లైనింగు గుడ్డతో తుడిచి, మరక లేకుండా చూసుకుని పట్టుకెళ్లింది. కొట్టాయన వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి మార్చి ఇచ్చాడు. వీపు మీద తొమ్మిదివందల డెబ్బై అయిదు అని రాసుంది.

అది ఎక్కడానికి మొరాయించింది. డైనమోని పూర్తిగా లోపలికి నెడితేగానీ అంచు దాటలేదు. చివరి చక్రం మీదికి తోసేటప్పుడు ఆమె వేలి కణుపుల దగ్గర తోలు లేచింది. ఎక్కించాక మామగారు వంగి చూశారు. "ఆ చచ్చిన చక్రానికి ఎక్కడా తగలకూడదు. సందుందా? వేలు పడుతుందా?"

"నా వేలా, మీ వేలా?"

ఆయన ఎడమచెయ్యి లోపలికి పెట్టి తన చూపుడువేలే దూర్చి చూసుకున్నారు. పట్టింది. "చాలు."

ఇక బిగించడం. టైర్ల కొట్లోంచి తెచ్చిన లీవరుతో డైనమోని బయటికి ఎత్తి పట్టుకోవాలి. పట్టుకున్నంతసేపూ పైబోల్టు బిగించాలి. బిగించేటప్పుడు రెండోవైపు నట్టు తిరగకుండా ఆపాలి. అంటే మూడు చేతులు. ఆమెకున్నవి రెండు, ఆయనకి ఒకటి. ఆ ఒకటీ ఎడమది, దానికి అంత బలం లేదు. టైర్ల అతన్ని పిలుద్దామంటే లారీ ఒకటొచ్చి, అతను దాని కిందికి దూరాడు. మామగారు లీవరుని చూశారు, తన కట్టుని చూసుకున్నారు. లీవరు కొస మీద సిమెంటు కట్టుని అడ్డంగా పెట్టి, ఒంటి బరువంతా వేసి వాలారు.

"మామయ్యా, వద్దు. ఎముక."

"ఇవాళ తీసేసేదేగా. బిగించు తొందరగా."

ఆమె బిగించింది. సగంలో ఉండగా టప్పుమంది. ఎముకో, కట్టో అర్థం కాక ఆమె చేతులు ఆగిపోయాయి. "కట్టు, కట్టు. ఆపకు" అన్నారు ఆయన. రెండు బోల్టులూ బిగిశాక వెనక్కి జరిగి చూస్తే మణికట్టు దగ్గర సిమెంటు నిలువునా చీలి ఉంది. వేళ్లు కదిపి చూసుకున్నారు. బొటనవేలితో బెల్టు నొక్కమన్నారు. కొంచెం లోపలికి పోయి తిరిగొచ్చింది. "ఇక తాళం తిప్పు."

ఇంజను స్టార్టయింది. కీచు లేదు. బ్యాటరీ బొమ్మ ఒకసారి వెలిగి ఆరిపోయింది. మామగారు బానెట్ మీద చెవి పెట్టినట్టు తల వంచి కొంతసేపు విన్నారు. మూసెయ్యమని సైగ చేశారు. టైర్ల అతను లారీ కిందనుంచే "అయిందా?" అన్నాడు. "అయింది" అంది కోడలు. ఆ మాట అన్న తీరు చూస్తే జీవితమంతా ఇదే పని చేసినట్టుంది.

అప్పటికి నాలుగున్నర.

కిటికీలు దించుకుని బయల్దేరారు. వేడిగాలి లోపలికి కొడుతోంది, దుమ్ముతో సహా. ఆమె జుట్టు ఊడి మొహం మీద పడుతోంది. ఆ గాలి హోరులో మాట్లాడాలంటే అరవాలి.

మామగారే అరిచారు. "డిపోలో ఏసీ ఒక్క గదికే ఉండేది. మేనేజరు గది."

ఆమె వేగం తగ్గించింది.

"నేను ముప్పై నాలుగేళ్లలో ఆ గదిలోకి తొమ్మిదిసార్లు వెళ్లా. తొమ్మిదిసార్లూ మెమో ఇవ్వడానికే పిలిచారు. బస్సు కింద నుంచి లేచి, చెమటతో తడిసిన చొక్కాతో వెళ్లి నిలబడితే, ఆ చలికి వెన్నులోంచి వణుకొచ్చేది. భయపడి వణుకుతున్నాననుకునేవాడు ఆ మేనేజరు. ఒకసారి అన్నాడు కూడా, వణక్కయ్యా, ఉద్యోగం తియ్యనులే అని." ఆయన తువ్వాలు మెడనుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఇప్పటికీ ఏసీ తగిలితే నాకు మెమో ఇస్తారేమో అనిపిస్తుంది. అంతే. నువ్వు పెట్టించుకున్నావని కాదు."

కోడలు "దేనికిచ్చేవాళ్లు మెమోలు?" అంది.

"ఎక్కువగా ఎదురు సమాధానాలకి."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "మీరా?"

"డిపోలో మీ అత్తయ్య లేదుగా, నా మాట ఆవిడ చేత చెప్పించుకోడానికి."

ఆసుపత్రికి చేరేసరికి అయిదుంపావు. డాక్టరు వెళ్లిపోయాడు. కానీ కట్లు కట్టే అతను ఇంకా ఉన్నాడు. బట్టతల మనిషి, చేతిలో చిన్న రంపం మిషను. మామగారి చెయ్యి బల్ల మీద పెట్టించి, గ్రీజు పట్టి నల్లబడ్డ కట్టునీ, నిలువునా ఉన్న చీలికనీ చూసి, "దీంతో ఏం చేశారండీ?" అన్నాడు.

"కారు బాగుచేశాం" అన్నారు మామగారు.

అతను కోడలి వంక చూశాడు. ఆమె నుదుటి మీద మసి, మెళ్లో టేపు. ఇంకేమీ అడక్కుండా ముందు మళ్లీ ఒక ఎక్స్‌రే తీయించాడు. ఎముక సరిగ్గానే అతుక్కుందని చూసుకుని రంపం ఆన్ చేశాడు. కానీ కట్టులోంచి బయటికొచ్చిన చెయ్యి సన్నబడిపోయింది. రెండో చేతిలో సగం ఉంది. తోలు పొట్టులా రాలుతోంది. కట్లతను తన పెన్ను ఇచ్చి గట్టిగా పట్టుకోమన్నాడు. మామగారు పట్టుకున్నారు. అతను లాగితే అది సులువుగా వచ్చేసింది. మళ్లీ పట్టుకోమన్నాడు. మళ్లీ వచ్చేసింది.

"పట్టు వస్తుందండీ, కానీ ఈ వయసులో మొత్తం రాకపోవచ్చు. రబ్బరు బంతి పిసుకుతూ ఉండండి" అన్నాడు.

తిరుగు దారిలో మామగారు ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, మూస్తూ తెరుస్తూ కూర్చున్నారు. గేర్ల గురించి ఒక్క మాటా రాలేదు. ఒకచోట ఆమే క్లచ్చు మీద కాలు మర్చిపోయి, గుర్తొచ్చి తీసింది. ఆయన గమనించలేదు. అది చూసి ఆమెకి బెంగేసింది. గమనించి ఏదో ఒకటి అంటే బావుండు అనుకుంది.

ఇంట్లో భోజనాల దగ్గర కొడుకు మొత్తం విని చాలా సంతోషించాడు. "భలే పని చేశారు. ఇక అలాగే ఉంచేద్దాం. కంప్రెసరు తిప్పే బరువు లేదు కాబట్టి పెట్రోలు కూడా తక్కువ తాగుతుంది" అన్నాడు.

కోడలు వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. బయటనుంచి మామగారి గొంతు వినిపించింది.

"అది ఇంటికి చేరడానికి చేసిన పని. బాగుచేయడం కాదు."

"మీకు ఏసీ పడదుగా నాన్నా."

"నాకు పడకపోతే నేను తువ్వాలు కప్పుకుంటా. రోజంతా రేకుల కింద ఇస్త్రీ పెట్టె పక్కన కూర్చునేది నువ్వూ కాదు, నేనూ కాదు. వారానికి ఒక్కసారి ఆ కార్లో కాస్త చల్లబడితే నీ సొమ్మేం పోదు."

కోడలి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అత్తగారు ఆమెని చూసి, "మీ మామయ్య ఏదో అంటున్నారు" అంది, అలవాటు కొద్దీ. "విన్నాను అత్తయ్యా" అంది కోడలు.

చెప్పినంత తేలిగ్గా కాలేదు. పాత మోడలు కాబట్టి మంచి కంప్రెసరు దొరకడానికి ఏడు వారాలు పట్టింది. మామగారి డిపో స్నేహితుడొకాయన పాత ఇనుము కొట్లన్నీ గాలించి చివరికి ఒకటి పట్టుకొచ్చాడు. ఆ ఏడు వారాలూ ఎండలు మండిపోయాయి. కోడలు అద్దాలు దించుకుని వెళ్లొచ్చింది. కిటికీ వైపు చెయ్యి కమిలి, రెండు చేతులూ రెండు రంగులయ్యాయి. మామగారు రోజూ వరండాలో కూర్చుని బంతి పిసికారు. పట్టు వచ్చింది, ముప్పాతిక. పేపరు, గ్లాసు, చెంచా అన్నీ పట్టుకుంటారు. పానా మాత్రం రెండు చుట్లు తిప్పేసరికి జారిపోతుంది.

అందుకని రెండు ఆదివారాలు పొద్దున్నపూట బానెట్ ఎత్తి, ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆమె పాతది విప్పి కొత్తది బిగించి, మళ్లీ పొడుగు బెల్టు ఎక్కించింది. ఆయన ఒక్కోసారి విసుక్కునేవారు, ఆమె ఒక్కోసారి ఎదురు చెప్పేది. "దీనికి నీకు మెమో ఇవ్వాలి" అనేవారు ఆయన. ఒక బోల్టు కింద వాషరు వెయ్యడం మర్చిపోయి మొత్తం మళ్లీ విప్పాల్సి వచ్చింది. ఆ మర్చిపోయింది ఎవరన్నది ఇంకా తేలలేదు. గ్యాసు నింపే మిషను ఇంట్లో ఉండదు కాబట్టి టౌనులో నింపించుకొచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం కోడలు మిషను మీంచి లేచి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి, ఇంటి ముందే నిలిపున్న కార్లో కూర్చుని ఇంజను ఆన్ చేసింది. ఎక్కడికీ వెళ్లే పని లేదు. అద్దాలు ఎత్తి, ఏసీ పెట్టి, సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. రెండు నిమిషాలకి అద్దం మీద టకటకమన్నారెవరో. మామగారు. నిలబెట్టిన బండిలో పెట్రోలు మండించినందుకు ఇవాళ నిజంగానే మెమో అనుకుంది.

ఆయన రెండోవైపు తలుపు తీసుకుని లోపల కూర్చున్నారు. తలుపు వేశారు.

"ఉండు, మాట్లాడకు. కంప్రెసరు క్లచ్చు పట్టి వదులుతోందో లేదో వినాలి."

ఇద్దరూ విన్నారు. ఇంజను సన్నగా ఆడుతోంది. కాసేపటికి ముందువైపు నుంచి టక్కుమని చిన్న శబ్దం వచ్చింది. ఇంకాసేపటికి మళ్లీ వచ్చింది.

"పడుతోంది" అన్నారు ఆయన. లేవలేదు. తన వైపు గాలి దారిని వేలితో కొంచెం పక్కకి తిప్పుకుని కూర్చున్నారు. "ఇంకో రెండుసార్లు చూద్దాం."

జాకెట్టు కోసం వచ్చినావిడ గుమ్మం దగ్గర నిలబడి పిలిచేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.